బడికిచ్చిన బిడ్డ వివరాలు: ఎక్కడున్నాయి, ఎవరు చూస్తున్నారు?

కొత్త విద్యా సంవత్సరం మొదలైందంటే మన బడుల్లో దరఖాస్తుల హడావుడి. బళ్లారి అయినా, హొసూరు అయినా, బరంపురం అయినా, షోలాపూర్ అయినా, యానాం అయినా ఆ కాగితంలో అడిగేవి ఇంచుమించు ఒకటే. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, కులం, మతం, ఆదాయం, బ్యాంకు ఖాతా, రక్తం గ్రూపు, వైకల్యం ఏదైనా ఉంటే ఆ సంగతి. వీటి మధ్యలో మనకు ప్రత్యేకమైన గడి ఇంకొకటి ఉంటుంది. అది మాతృభాష. ఆ గడిలో ‘తెలుగు’ అని రాసిన పిల్లల సంఖ్యను బట్టే మన బడికి తెలుగు తరగతి, తెలుగు టీచరు, తెలుగు పుస్తకం అడగగలుగుతాం. కాబట్టి రాయాల్సిందే.

వెనక ఈ కాగితాలు హెడ్‌మాస్టరు గదిలోని ఇనప బీరువాలో ఉండేవి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు. పాత టీసీ కోసం ఎవరైనా వస్తే గుమాస్తాగారు తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టేవారు. వెయ్యిమంది పిల్లల వివరాలు ఎత్తుకుపోవాలంటే బస్తాలు మోయాలి, ఎవరో ఒకరి కంట పడతారు. ఇప్పుడు అవే వివరాలు కంప్యూటర్లలోకి ఎక్కాయి. దేశమంతటికీ యూడైస్ ప్లస్ ఉంది. 2022–23 నుంచి అందులో బడి మొత్తం లెక్కలే కాదు, ఒక్కొక్క విద్యార్థి పేరున వివరాలు చేరుతున్నాయి. దాని పక్కనే రాష్ట్రాల సొంత వ్యవస్థలు: కర్ణాటకలో ఎస్‌ఏటీఎస్, తమిళనాడులో ఈఎంఐఎస్, మహారాష్ట్రలో సరల్. వీటిపైన 12 అంకెల అపార్ ఐడీ. ఇవి కాక బడి సొంతంగా కొనుక్కున్న ఫీజుల సాఫ్ట్‌వేర్, బస్సు యాప్, హోంవర్కు యాప్, తరగతి వాట్సాప్ గ్రూపు. ఇప్పుడు వెయ్యిమంది వివరాలు బయటికి పోవాలంటే బస్తా అక్కర్లేదు, ఒక్క ఫైలు చాలు. కనిపెట్టి చూసేవారు లేకపోతే పోయినట్టు కూడా తెలియదు.

ఈ వ్యాసం ఆ కనిపెట్టి చూడడం గురించే. సాఫ్ట్‌వేర్‌లో సున్నితమైన సమాచారం ఎటునుంచి ఎటు పోతోందో గమనిస్తూ, ముప్పును ముందే పసిగట్టే పద్ధతులు ఏమిటి, పెద్ద కంపెనీలు చేసే ఆ పనిలో మన చిన్న బడులు ఎంతవరకు చేయగలవు, తల్లిదండ్రులు ఏమి అడగవచ్చు అన్నవి చూద్దాం.

ఒక్క లాగిన్ చేసిన పని

ముందు ఒక పెద్ద దొంగతనం సంగతి. అమెరికా, కెనడాల్లో వేల బడులు వాడే సాఫ్ట్‌వేర్ పవర్‌స్కూల్. హాజరు, మార్కులు, ఆరోగ్య వివరాలు, తల్లిదండ్రుల చిరునామాలు అన్నీ అందులోనే ఉంటాయి. 2024 డిసెంబరు 28న ఆ కంపెనీకి తమ దగ్గర దొంగ పడ్డాడని తెలిసింది. గోడలు పగలగొట్టలేదు. కంపెనీ సిబ్బంది బడులకు సాయం చేయడానికి వాడే పోర్టల్‌లోకి, దొంగిలించిన ఒక లాగిన్‌తో దర్జాగా వచ్చాడు. పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌కు వచ్చే ఓటీపీ లాంటి రెండో తాళం అక్కడ లేదు. మరమ్మతుల కోసం ఉన్న ఎగుమతి సదుపాయంతోనే విద్యార్థుల, ఉపాధ్యాయుల పట్టికలను దించుకున్నాడు. చేసింది మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన 19 ఏళ్ల కాలేజీ విద్యార్థి. 6 కోట్లకు పైగా విద్యార్థుల వివరాలు, సుమారు కోటి మంది ఉపాధ్యాయుల వివరాలు తమ దగ్గరున్నాయని బెదిరించి డబ్బు అడిగారు. కంపెనీ డబ్బు చెల్లించింది. 2025లో ఆ కుర్రాడు నేరం ఒప్పుకున్నాడు, నాలుగేళ్ల జైలుశిక్ష పడింది.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతులు మూడున్నాయి. ఒకటి: టొరంటో బడుల బోర్డు రికార్డుల్లో 1985 నాటి విద్యార్థుల వివరాలు కూడా పోయాయి. బడి వదిలి నలభై ఏళ్లయినవారు, ఇప్పుడు తామే తాతలైనవారు కూడా బాధితులే. అవసరం తీరిన సమాచారాన్ని తీసేయకుండా పోగేస్తే జరిగేది ఇదే. రెండు: డబ్బు చెల్లించాక డేటాను చెరిపేశామని చెప్పినా, 2025 మేలో అవే వివరాలు చూపించి నేరుగా బడుల బోర్డులనే మళ్లీ బెదిరించారు. పోయిన ఫైలు తిరిగి రాదు, దాని నకళ్లు ఎన్నున్నాయో ఎవరూ చెప్పలేరు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ఆ కంప్యూటర్ల దృష్టిలో లోపలికి వచ్చింది దొంగ కాదు, సరైన పాస్‌వర్డ్ ఉన్న మనిషి. తలుపు దగ్గర కాపలా ఎంత గట్టిగా ఉన్నా ఇలాంటివాణ్ని ఆపలేదు. లోపలికి వచ్చినవాడు ఏ అర తెరుస్తున్నాడు, ఎంత తీసుకుంటున్నాడు అని చూసే కన్ను ఉంటేనే పట్టుబడతాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి మనిషి వేషంలో వచ్చిన దొంగ సంగతీ అంతే.

మన గడి, మన ముప్పు

అదంతా అమెరికా కథ, చెన్నైలోనో కోలారులోనో ఉన్న మా చిన్న బడిలో ఎవరికేం పని అని కొందరికి అనిపించవచ్చు. అందుకే మాతృభాష గడి గురించి మొదట్లోనే చెప్పాం.

తెలుగు మాట అరుదుగా వినబడే వీధిలో ఉంటున్న తల్లికి ఒక ఫోను వస్తుందనుకోండి. అవతలి మనిషి చక్కని తెలుగులో, “అమ్మా, మీ పాప ఏడో తరగతి బి సెక్షనే కదా, స్కాలర్‌షిప్ మంజూరైంది, మీ ఖాతా సరిచూడాలి, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి” అంటాడు. బిడ్డ పేరు, తరగతి, బ్యాంకు పేరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పైగా మన భాష. ‘మనవాళ్లే’ అన్న నమ్మకం క్షణంలో పుడుతుంది. మామూలు మోసగాడికి ఈ నమ్మకం సంపాదించడం కష్టం. మాతృభాష గడితో సహా బడి జాబితా చేతికి చిక్కినవాడికి అది ఉచితంగా దొరుకుతుంది. అల్పసంఖ్యాకులకు తమ భాష ఎంత బలమో, వివరాలు తప్పుడు చేతుల్లో పడితే అంత బలహీనత కూడా.

బడి లాగిన్ కూడా ఒక నిధే. మత మైనారిటీ విద్యార్థుల స్కాలర్‌షిప్పుల్లో జరిగిన అక్రమాలపై 2023లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 1,572 సంస్థలను పరిశీలింపజేస్తే, 830 సంస్థలు బూటకమనో, పనిచేయడం లేదనో, మోసానికి పాల్పడ్డాయనో తేలింది. ఐదేళ్లలో నష్టం రూ.144 కోట్ల పైచిలుకు అని లెక్కగట్టి సీబీఐకి అప్పగించారు. అది భాషా మైనారిటీల పథకం కాదు. అయినా పాఠం మనకూ వర్తిస్తుంది. పిల్లల పేర్లు, ఖాతాలు, సంస్థ తరఫున ధ్రువీకరించే లాగిన్, ఈ మూడూ ఒక్కచోట చేరితే వాటితో డబ్బు పుట్టించేవాళ్లున్నారు.

75 సెంట్ల తేడా

కనిపెట్టి చూడడం అనే విద్య ఎలా మొదలైందో చెప్పే కథ ఒకటుంది. లెక్కల మాస్టార్లకు మరీ నచ్చుతుంది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కంప్యూటర్ల బాధ్యత చూస్తున్నాడు. అప్పట్లో కంప్యూటర్ వాడిన సమయానికి డబ్బు వసూలు చేసేవారు. నెల లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ముప్పావు డాలరే కదా అని వదిలేయవచ్చు. ఆయన వదల్లేదు. వెదుకుతూ పోతే, ఎవరో తెలియని మనిషి లోపలికి వచ్చి ఆ కాస్త సమయం వాడుకున్నాడని తేలింది.

స్టోల్ అతణ్ని వెంటనే బయటికి తోసేయలేదు. వచ్చినప్పుడల్లా ఏమి టైపు చేస్తున్నాడో ప్రింటర్ల మీద అచ్చయ్యేలా ఏర్పాటు చేశాడు. ఆ మనిషి ఏ పదాలు వెదుకుతున్నాడో చూస్తే సైనిక రహస్యాల కోసం వచ్చాడని అర్థమైంది. అతను ఎక్కువసేపు లైనులో ఉంటే తప్ప ఫోను ఎక్కడినుంచో తెలియదు. అందుకని రక్షణ ప్రాజెక్టు గురించి ఉత్తుత్తి పత్రాలు బోలెడు రాసి ఎరగా పెట్టాడు. వచ్చినవాడు వాటిని చదువుతూ కూర్చున్నాడు. ఈలోగా జాడ జర్మనీలోని హానోవర్ నగరం దాకా వెళ్లింది. ఆ బృందం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్ముతోందని బయటపడింది. ఈ అనుభవాన్ని స్టోల్ 1989లో పుస్తకంగా రాశాడు.

ఈ రోజు కోట్లు ఖర్చుపెట్టి కంపెనీలు చేసే పనిలోని ముఖ్య సూత్రాలన్నీ ఈ కథలో ఉన్నాయి. చిన్న తేడాను కూడా పట్టించుకోవడం. జరిగినదాన్ని జరిగినట్టు రాసిపెట్టడం. ఏమి కోరుకుంటున్నాడో చూసి మనిషిని అంచనా వేయడం. ఎర పెట్టడం.

ముందు జాబితా, ఆ తర్వాతే కాపలా

మన దగ్గర ఏముందో మనకే తెలియకపోతే ఏం పోయిందో ఎలా తెలుస్తుంది? అందుకే సాఫ్ట్‌వేర్‌లో సున్నితమైన సమాచారాన్ని గమనించే పని జాబితాతోనే మొదలవుతుంది. ఏ పట్టికలో ఏ గడిలో ఏముంది అని వెదికి ఒక్కొక్కదానికి చీటీ అంటిస్తారు. ‘ఆటల పోటీ తేదీలు’ అందరూ చూడవచ్చు. ‘విద్యార్థి పేరు’ లోపలివారికే. ‘ఆధార్’, ‘వైకల్యం’, ‘కులం’ మరీ సున్నితం.

అనుకోని చోట్ల దాక్కున్నవాటిని వెదికే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. అవి ఆధార్ నంబరును ఎలా గుర్తుపడతాయో చూడండి. ఆధార్‌లో 12 అంకెలుంటాయి, మొదటి అంకె 0 గానీ 1 గానీ కాదు. చివరి అంకె మిగతా 11 అంకెలనుంచి లెక్కగట్టి పెట్టింది. ఆ లెక్కను డచ్చి గణితజ్ఞుడు వెర్‌హోఫ్ 1969లో కనిపెట్టాడు. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా లెక్క కుదరదు. కాబట్టి ఏ ఫైల్లోనైనా 12 అంకెల సంఖ్య కనబడితే సాఫ్ట్‌వేర్ ఈ లెక్క వేసి చూస్తుంది. ఊరికే రాసిన సంఖ్యల్లో పదింట ఒక్కటే ఈ పరీక్షకు నిలుస్తుంది. ఒకే ఫైల్లో వందల సంఖ్యలు నిలిచాయంటే అది ఆధార్ జాబితానే అని తేల్చి హెచ్చరిస్తుంది.

నీళ్లలో రంగు కలిపినట్టు

పైపు ఎక్కడ కారుతోందో తెలియకపోతే నీళ్లలో రంగు కలిపి చూస్తాం. గోడమీద ఎక్కడ రంగు తేలితే అక్కడే చిల్లు. కంప్యూటర్ శాస్త్రంలోనూ ఇదే ఉపాయం ఉంది. సున్నితమైన సమాచారానికి ఒక గుర్తు తగిలిస్తారు. దాన్ని నకలు తీసినా, ముక్కలు చేసినా, వేరే సమాచారంతో కలిపినా గుర్తు వెంటే పోతుంది. ఆ గుర్తున్నది ఫోను దాటి బయటికి పోతుంటే గంట మోగుతుంది.

2010లో అమెరికా పరిశోధకులు ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం టెయింట్‌డ్రాయిడ్ అనే పేరుతో ఇలాంటి వ్యవస్థ తయారుచేశారు. ప్రజలు ఎక్కువగా వాడే యాప్‌లు 30 తీసుకుని నడిపి చూశారు. వాటిలో 15 యాప్‌లు మనిషి ఎక్కడున్నాడన్న సమాచారాన్ని ప్రకటనల కంపెనీలకు పంపుతున్నాయి. వాడేవారికి ఆ సంగతే తెలియదు. యాప్ చెప్పే మాట ఒకటి, అది చేసే పని ఒకటి కావచ్చని, ఆ తేడాను రంగు వేసి పట్టవచ్చని ఆ ప్రయోగం చూపించింది. పిల్లల యాప్‌ల విషయంలోనూ ఇదే భయం. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశాల్లో వాడిన ఆన్‌లైన్ చదువుల యాప్‌లు, వెబ్‌సైట్లను పరిశీలిస్తే, వాటిలో అత్యధికం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చేలా సమాచారాన్ని సేకరించడమో, పంచుకోవడమో చేస్తున్నాయని తేలింది.

వింత నడక, ఉత్తుత్తి విద్యార్థి

మూడో పద్ధతి అలవాట్లను గమనించడం. మన బడి గుమాస్తాగారు రోజుకు నలభై మంది వివరాలు తెరుస్తారు, పది నుంచి ఐదు లోపల, బడి కంప్యూటర్‌లోంచి. అదే లాగిన్ ఒకనాటి రాత్రి రెండు గంటలకు వేరే ఊరినుంచి తెరుచుకుని, బడి మొత్తం పట్టికను ఒక్కసారి దించుకుంటే? పాస్‌వర్డ్ సరైనదే, నడక మాత్రం వింత. ప్రతి లాగిన్‌కూ మామూలు తీరు ఏమిటో నేర్చుకుని, దానికి తప్పినప్పుడు హెచ్చరించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. తప్పుడు హెచ్చరికలూ వస్తాయి. పరీక్షల ముందురోజు రాత్రి నిజంగానే పని ఉండవచ్చు. అందుకే గంట మోగాక మనిషి చూసి తేల్చాలి. యంత్రానికే వదిలేస్తే కొన్నాళ్లకు ఆ గంటను ఎవరూ పట్టించుకోరు.

నాలుగోది స్టోల్ వేసిన ఎర లాంటిది. పట్టికలో ఒక ఉత్తుత్తి విద్యార్థి పేరు చేరుస్తారు. ఆ పేరు మీద ఏ బిడ్డా లేదు కాబట్టి ఆ వివరాలు తెరవాల్సిన పని ఎవరికీ ఉండదు. తెరిచారంటే ఎవరో తడుముతున్నారని అర్థం. ఆ పేరున పెట్టిన ఫోన్ నంబరుకో ఈమెయిలుకో ట్యూషన్ ప్రకటన వచ్చిందంటే జాబితా బయటికి పోయిందని అర్థం. ఇది కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌లో చేసే పని. ప్రభుత్వ రికార్డుల్లో బడులు లేని పిల్లల పేర్లు చేర్చకూడదు, అది నేరమవుతుంది.

దొంగ లేకుండానే పోయేవి

అన్ని నష్టాలూ దొంగల వల్లే కావు. ప్రతి సాఫ్ట్‌వేర్ తాను చేసే పనులను లాగ్ అనే దినచర్య పుస్తకంలో రాసుకుంటుంది. కాపలాకు అదే ఆధారం. అయితే రాయకూడనివి కూడా అందులో పడుతుంటాయి. 2018 మేలో ట్విటర్ తన 33 కోట్ల మంది వాడకందార్లను పాస్‌వర్డ్ మార్చుకోమంది. కారణం, పాస్‌వర్డ్‌లు దాపరికం లేకుండా లోపలి లాగ్‌లో నమోదవుతున్నాయని గుర్తించడమే. 2019లో ఫేస్‌బుక్‌లోనూ కోట్ల పాస్‌వర్డ్‌లు ఉద్యోగులు చదవగలిగేలా నిలవ ఉన్నాయని తేలింది. ఆ వ్యవహారంలో 2024లో ఐర్లాండ్ నియంత్రణ సంస్థ 9.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. కాపలావాడి పుస్తకంలోనే బీరువా తాళం గుర్తు రాసిపెట్టుకున్నట్టు అన్నమాట.

మన దేశంలో మాస్టార్లందరికీ తెలిసిన దీక్షా వేదిక సంగతీ ఇలాంటిదే. 2023 జనవరిలో వైర్డ్ పత్రిక బయటపెట్టిన ప్రకారం, ఆ వేదికకు చెందిన ఒక క్లౌడ్ నిలవ ఏడాదికి పైగా రక్షణ లేకుండా ఉండిపోయింది. 10 లక్షలకు మించిన ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల సమాచారం అందులో ఉన్నాయి. బయటి భద్రతా పరిశోధకుడొకరు చూసి చెప్పారు. తలుపు ఎవరూ పగలగొట్టలేదు, వేయడం మరిచిపోయారంతే. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా ఉండాలంటే, తలుపులు వేసి ఉన్నాయా అని రోజూ చూసే పద్ధతి ఉండాలి.

తెలుగులో అడిగే హక్కు

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చింది. దాని వెనకే వచ్చింది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే నాటికి బడులూ, బడులకు సాఫ్ట్‌వేర్ అమ్మేవారూ సిద్ధం కావాలి.

ఇందులో మనవంటివారికి పనికొచ్చే అంశం ఒకటుంది, చాలామంది గమనించలేదు. వ్యక్తిగత సమాచారానికి సమ్మతి అడిగేటప్పుడు ఆ విజ్ఞప్తి స్పష్టమైన, తేలికైన మాటల్లో ఉండాలి. దాన్ని ఇంగ్లిష్‌లోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనానో చదువుకునే అవకాశం ఇవ్వాలి. ఆ 22 భాషల్లో తెలుగు ఉంది. చట్టం ‘ఆ రాష్ట్ర భాష’ అనలేదు, మనిషి ఎంచుకునే భాష అంది. కాబట్టి కోయంబత్తూరులో ఉన్నా, భివండీలో ఉన్నా, రాయగడలో ఉన్నా, బిడ్డ వివరాలకు సమ్మతి అడిగే సంస్థను ఆ కాగితం తెలుగులో చూపమని కోరవచ్చు. చదవలేని కాగితం మీద పెట్టిన సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

మిగతావీ తెలుసుకోవాలి. 18 ఏళ్లలోపు వారందరూ ఈ చట్టం దృష్టిలో పిల్లలే. వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి, అదీ నిర్ధారించుకోదగిన రీతిలో ఉండాలి. పిల్లల వెంట నిఘాగా తిరగడం, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. చదువుకు, పిల్లల భద్రతకు అవసరమైనంత మేరకే బడులకు మినహాయింపు ఉంది. ప్రభుత్వ ప్రయోజనాలు అందించే సందర్భాలకు కూడా కొన్ని షరతులతో మినహాయింపులున్నాయి. సమాచారం పోతే బాధితులకు ఆలస్యం లేకుండా చెప్పాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో డేటా పరిరక్షణ మండలికి ఇవ్వాలి. రక్షణ ఏర్పాట్లు లేకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకు వేయవచ్చు. ఎవరు ఎప్పుడు ఏ సమాచారం తెరిచారో చూపే లాగ్‌లను ఏడాదిపాటు ఉంచాలని, అనధికారంగా తెరిస్తే కనిపెట్టే ఏర్పాటు ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. పైన మేము చెప్పిన కాపలా ఇకపై దయాధర్మం కాదు, విధి.

మన బడి చేయగలిగింది

చిన్న బడికి భద్రతా నిపుణులు ఎక్కడినుంచి వస్తారు? రాకపోయినా చాలా చేయవచ్చు. ఇవి ఖర్చు లేని పనులు.

ఒక సాయంత్రం హెడ్‌మాస్టరు, గుమాస్తా, ఇద్దరు టీచర్లు కూర్చుని ఒక తెల్లకాగితం మీద గీతలు గీయాలి. పిల్లల వివరాలు ఎక్కడెక్కడున్నాయి? రిజిస్టరు, ఏయే పోర్టళ్లు, ఎవరి ల్యాప్‌టాప్, ఎవరి పెన్‌డ్రైవ్, ఏ వాట్సాప్ గ్రూపు, వీధి చివర జిరాక్స్ కొట్టు కంప్యూటర్. ఒక్కొక్కదాని పక్కన ఎవరు తెరవగలరో రాయాలి. ఈ కాగితమే కాపలాకు పునాది.

పోర్టల్ పాస్‌వర్డ్ గోడమీద క్యాలెండర్ వెనక రాసి అందరూ వాడుకునే పద్ధతి మానాలి. ఒకే లాగిన్ అందరూ వాడితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఎవరు తెరిచారో లాగ్ కూడా చెప్పలేదు. తప్పు చేయనివారి మీద కూడా అనుమానం పడుతుంది. వేర్వేరు లాగిన్‌లు పెట్టుకునే వీలుంటే పెట్టుకోవాలి. లేకపోతే ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ పనికి తెరిచారో ఒక నోట్‌బుక్‌లో రాయాలి. ఓటీపీ సదుపాయం ఉంటే తప్పనిసరిగా పెట్టాలి. టీచరు బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా అదే రోజు పాస్‌వర్డ్ మార్చాలి.

స్టోల్ తరహా లెక్క నెలకోసారి చేయాలి. పోర్టల్‌లో చివరి లాగిన్ సమయం కనిపిస్తుంటే నోట్‌బుక్‌తో సరిపోల్చాలి. మనం తెరవని రోజున తెరిచినట్టుంటే, పిల్లల సంఖ్య మన రిజిస్టరుతో కలవకపోతే, ఒక్కటి తేడా అయినా సరే, పాస్‌వర్డ్ మార్చి పైఅధికారికి రాతపూర్వకంగా చెప్పాలి.

తరగతి గ్రూపులో ఆధార్, బ్యాంకు, కులం వివరాల జాబితాలు పెట్టవద్దు. ఏ తల్లికి సంబంధించింది ఆ తల్లికే పంపాలి. స్కాలర్‌షిప్ జాబితా నోటీసు బోర్డు మీద అంటించాల్సి వస్తే పేరు, తరగతి చాలు. సాఫ్ట్‌వేర్ కొనేముందు అమ్మేవారిని నాలుగు మాటలు అడగాలి. వివరాలు ఎక్కడ దాస్తారు? మీ సిబ్బందిలో ఎవరు చూడగలరు? ఎవరు చూశారో మాకు చూపగలరా? ఒప్పందం ముగిశాక చెరిపేస్తారా? జవాబు కాగితం మీద ఇవ్వలేనివారి దగ్గర కొనకపోతేనే మేలు.

ఇంటి నుంచి అడగవలసినవి

అమ్మానాన్నలకూ కొంత పని ఉంది. ఆధార్ నకలు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందా అని అడగండి. ఆధార్ లేదని బిడ్డకు బడిలో సీటు నిరాకరించకూడదు. బడి ప్రవేశాలకు ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు తీర్పులోనే చెప్పింది. అపార్ ఐడీకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి, కాగితం చదివి అర్థం చేసుకున్నాకే సంతకం చేయండి. మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో యూఐడీఏఐ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. అవసరం లేనప్పుడు వేలిముద్రలకు తాళం కూడా వేసుకోవచ్చు.

బిడ్డ పేరు, తరగతి చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే, ఎంత కమ్మని తెలుగు మాట్లాడినా, ఫోను పెట్టేయండి. మీ దగ్గరున్న బడి నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని ఊరుకోవద్దు. మీకొచ్చిన ఫోను సంగతి బడికి చెబితే, అదే జాబితాలో ఉన్న మరో నలభై కుటుంబాలు జాగ్రత్తపడతాయి. ఒక్క తల్లికి వచ్చిన ఫోను ఆమె ఒక్కదాని సమస్యగా కనిపిస్తుంది. ఒకే తరగతిలో ముగ్గురికి వచ్చిందని తెలిస్తే అది జాబితా పోయిందన్న ఆనవాలు.

మాతృభాష గడిని ఖాళీగా వదిలేయమని మాత్రం మేము చెప్పం. ఆ గడి నిండుగా ఉంటేనే మన తరగతి నిలుస్తుంది. రాసిన వివరాలు ఎవరి చేతిలో ఉన్నాయో అడిగి తెలుసుకోవడం, అడిగినప్పుడు కాగితం తెరిచి చూపడం, ఈ రెండూ అలవాటైతే చాలు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో చర్చించే విషయాల పట్టికలో దీన్నీ ఒక అంశంగా చేర్చమని మీ బడిని కోరండి.